చప్పుడు లేని అచ్చులు

మే 4
మా బాపు హవాయి చెప్పులు కోసేశాను. ఆయన పోయాక ఇది రెండో ఎండాకాలం. పారెయ్యలేక తలుపు వెనకే ఉంచుకున్నవి. రబ్బరు మీద చేప, ఆకు, చందమామ గీసి, బ్లేడుతో చెక్కి, చెక్కముక్కలకు అతికించా. మంచి అచ్చులయ్యాయి. బడికి సెలవులు. డ్రాయింగ్ టీచర్‌కి సెలవుల్లో ఏం పని... రంగు డబ్బాలు ఎండిపోకుండా చూసుకోవడం తప్ప.

మే 5
ఎదురు క్వార్టర్ పిల్ల శిరీష వచ్చింది, వెంట మరో ఇద్దరు. తడిగుడ్డకు నీలం రంగు పట్టించా. అచ్చును దాని మీద అద్ది, కాగితం మీద బోర్లించి, పిడికిలితో కొట్టమన్నా. మెల్లగా తట్టింది. లోపలి గది వైపు చూసింది.
"గట్టిగ కొట్టచ్చా టీచర్?"
కొట్టు అన్నా.
"ఇంట్ల ఎవలన్న పండుకున్నరా?"
"ఎవరూ లేరు."
ఎంత మామూలుగా అనేశానో. ధన్‌మని కొట్టింది. కాగితం మీద చేప తోక చెదిరిపోయింది, నా చీర మీద నీలం చుక్కలు.

మే 8
ఇల్లంతా పిల్లలు. బండల మీద పిడికిళ్లు — ధన్ ధన్ ధన్. నాన్నలు బొగ్గుగనిలో నైట్ షిఫ్టు దిగొచ్చి పగలు పడుకునే ఇళ్లు వీళ్లవి. గిన్నె జారిపడ్డా వీపు మోగుతుంది. నాకు తెలియదా! "బాపు పండుకున్నడు, చప్పుడు చెయ్యకు" — అమ్మ నాతో ఇంకేమైనా మాట్లాడిందా అసలు? చప్పుడు కాని ఆట బొమ్మలు గీయడం ఒక్కటే. అట్లా గీస్తూ గీస్తూ డ్రాయింగ్ టీచర్నయ్యా.
ఒక్క అచ్చూ సరిగ్గా పడదు. ఒకదాని మీద ఒకటి, కాగితాలు చిరుగుతాయి. సంతోషంగా ఉంది. రాసుకోవడానికి సిగ్గెందుకు, సంతోషంగా ఉంది.

మే 9
ఆదివారం. చర్చి. ఇల్లు. నిన్నటి అన్నం.

మే 11
పక్కింటి రాజేశ్వరి వచ్చింది. మా రెండు క్వార్టర్లకూ మధ్య ఒకటే గోడ. వాళ్లాయన కొమురన్నకు నిన్నటి నుంచి నైట్ షిఫ్టు. లోపలికి రమ్మంటే రాదు. కొంగు వేలికి చుడుతూ గడప దగ్గరే —
"ఏమనుకోకక్కా. పగలు ఆయనకు నిద్ర పడ్తలేదట. పిల్లల చప్పుడంటుండు. గట్లనే డ్యూటీకి పోవాలె. బాయిల కండ్లు మూతలు పడితె ఎట్ల..."
ఓపెన్ కాస్ట్ గని పేలుళ్లకు రోజూ మా కిటికీలు గలగలలాడతాయి. దానికి లేవని మనిషి పిల్లల పిడికిళ్లకు లేస్తాడా! కోపమొచ్చింది. కానీ బొగ్గుబాయిలో కునుకు తీస్తే ఏమవుతుందో ఈ కాలనీలో ఒకరు చెప్పాలా. సరేనన్నా.
పిల్లల్ని రావద్దని చెప్పాలా? చెప్తే, ఈ ఇంట్లో ఇక నేనూ, గోడలూ.

మే 12
ఉపాయం దొరికింది. అచ్చును వెల్లకిలా పెట్టి, రంగు రాసి, పైన కాగితం పరిచి, చెంచా వెనకవైపుతో మెల్లగా రుద్దడం. చప్పుడే ఉండదు.
"చప్పుడు చెయ్యకుండ్రి, కొమురన్న పండుకున్నడు."
నా నోటితోనే. అచ్చం అమ్మ గొంతు.
అచ్చులు మాత్రం ఇంత బాగా ఎప్పుడూ పడలేదు. చేపకు పొలుసులు కూడా తేలాయి. "చూడు, ఎంత బాగొచ్చిందో" అన్నా. "మంచిగున్నది టీచర్" అంది శిరీష. బళ్లో పద్యం అప్పజెప్పినట్టు.

మే 13
ముగ్గురే వచ్చారు.

మే 14
శిరీష ఒక్కతే. కాసేపు రుద్దింది. చెంచా పక్కన పెట్టేసి — "మా అమ్మ జల్ది రమ్మన్నది." వాళ్లమ్మ ఏం పిలవలేదు. ఎదురిల్లే కదా, పిలిస్తే నాకూ వినపడేది.

మే 15
ఎవరూ రాలేదు. వాటర్ ట్యాంకు కింద ఆడుతున్నారు, అరుపులు ఇక్కడి దాకా.
అచ్చుల కోసం వస్తున్నారనుకున్నా. నా కోసం అని కూడా అనుకున్నా. నలభై దాటాక ఈ పిచ్చి ఏమిటో. వాళ్లకు కావలసింది చప్పుడు చేసుకోవడానికి ఓ ఇల్లు. తప్పేముంది, ఆ వయసులో నేనూ అదే వెతికి ఉంటా.

మే 17
సోమవారం. కొమురన్నకు ఫస్ట్ షిఫ్టు. ఈ వారం గోడ అవతల పగలు పడుకునేవాళ్లు లేరు. రంగులు కలిపా. తలుపు బార్లా తీశా. ఎండ... ఎక్కడో తెలంగాణ మీటింగు మైకు. రంగులు గట్టిపడ్డాయి.

మే 18
సాయంత్రం కొమురన్న వాకిట్లో. స్నానమైనా కంటి రెప్పల అంచున బొగ్గు నలుపు.
"పిల్లలు వస్తలేరేంది టీచరమ్మా?"
"మానేసిండ్రన్నా."
"నా నిద్ర గురించేనా?" తల గోక్కున్నాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి — "వాళ్లు బందైనంక గుడ నాకు నిద్ర పట్టలె. మోకాళ్లు గుంజుతున్నయి. దవాఖానకు పద పద అని పానం తీస్తదని మా ఆమెకు చప్పుడని జెప్పిన. ఏమనుకోకు."
"మోకాళ్లు చూపించుకో, అన్నా" అన్నాను. లోపలికొచ్చి తలుపేసుకున్నా. ఏడుపొచ్చింది. ఆయన మీద కాదు. ఎవరి మీదో కూడా తెలీదు.

మే 20
శిరీష వాళ్ల వాకిట్లో ఒక్కతే బొంగరం తిప్పుతోంది. గుమ్మంలోకి వెళ్లా, పిలుద్దామనే. నన్ను చూడగానే బొంగరం వదిలేసి చేతులు కట్టుకుంది.
"గుడీవినింగ్ టీచర్."
నేనూ గుడీవినింగ్ చెప్పి లోపలికొచ్చేశా.
పిలిస్తే వస్తుంది. అందరినీ వెంటపెట్టుకొస్తుంది. టీచర్ పిలిచాక రాకుండా ఎట్లా ఉంటారు. వరసగా కూర్చుంటారు, గట్టిగా కొట్టమంటే గట్టిగా కొడతారు... చెప్పినంత సేపూ.
రాస్తూ కిటికీలోంచి చూస్తున్నా. ఇంకా వాకిట్లోనే ఉంది.