కుడిచేతి గోళ్ళు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. కుడిచేతి గోళ్ళన్నీ మొదలంటా కత్తిరించేశావట, ఇప్పుడు గిటార్ పలకడం లేదట. దానికి ఏడుపెందుకే?

ల్యూట్ అనే పాత యూరప్ తీగవాద్యానికి నాలుగొందల ఏళ్ళనాడు కట్టిన సంగీతం గిటార్ మీద ఎలా వాయించాలక్కా అని నువ్వే అడిగావు. మూడో తీగ అర స్వరం దించమన్నాను, దించావు. ఆ రోజుల్లో ల్యూట్‌ని గోరు తగలకుండా ఒట్టి మునివేళ్ళతో మీటేవాళ్ళన్నాను. అందులో అబద్ధమేముంది? గోళ్ళతో అలవాటైన చెయ్యి, గోళ్ళు తీసేస్తే హాల్లో రెండో వరస దాటి వినపడదని కూడా నేనే చెప్పాలా? ఇన్నేళ్ళుగా వాయిస్తున్నావు, ఆమాత్రం తెలియదూ?

బృందంలో ఖాళీ ఒక్కటే. దానికోసం మనిద్దరం పోటీగా వాయించి చూపాల్సింది ఈ శనివారం. ఆలోగా నీ గోళ్ళు పెరగవు. నావి బాగానే ఉన్నాయి, నిన్ననే నున్నగా అరగదీసుకున్నాను.

నాన్న ఉన్నన్నాళ్ళూ, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ "చిన్నదాని చేతిలో తేనె ఉంది, పెద్దదాని చేతిలో రంపం ఉంది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నువ్వూ నవ్వేదానివి. నేనేం మనసులో పెట్టుకోలేదులే.

అతికించుకునే గోళ్ళు మాత్రం కొనకు. మధ్యలో ఊడిపడితే నలుగురిలో నవ్వులపాలవుతావు. వాయించకపోయినా ఫరవాలేదు, శనివారం తప్పకుండా రా. నేను వాయిస్తుంటే పక్కన కూర్చుని స్వరాల కాగితాలు తిప్పే మనిషి కావాలి. ఆ పనికి గోళ్ళు అక్కర్లేదు.

నీ మంచి కోరే
అక్క