చీరలో చుట్టిన కుక్కపిల్ల

నాగమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు పెంచిన కుక్క కూడా చలికాలంలో పోయింది. కొత్త పిల్లను తెచ్చి, దొంగలను కరవాలని ఎవరికీ చూపకుండా బర్రెల కొట్టంలోనే కట్టి పెంచాను. ఇప్పుడది పాలకొచ్చేవాళ్లందరి మీదికీ ఉరుకుతోంది. దొంగ మాత్రం ఒక్కడూ రాలేదు.

నిన్న మీ అక్క జనవాడ నుంచి వచ్చి వాకిట్లోనే ఆగిపోయింది.

"ఏం మరిదీ, ఇట్ల పెంచినవ్? చెల్లె అయితే పిల్లను చంకలేసుకొని ఇల్లిల్లు తిప్పేది. పది చేతులల్ల పెరిగింది ఎవర్నీ కరవదు."

"బడికి గూడ తోల్కపోవాల్నా వదినె?"

"ముందు ఇంట్ల నుంచి బయటికి తోల్కపో."

అప్పట్లో కుక్కపిల్లను ఎత్తుకొని తిరిగే నిన్ను చూసి బారసాల ఎప్పుడని నవ్వినవాణ్ని నేనే. ఈ పొద్దున పిల్లను చుట్టడానికి తువాల దొరక్క, ఏడాదిగా మడత విప్పని నీ చీర తీశాను. నాలుగిళ్లు తిప్పితే నాలుగు చాయ్‌లు తాగించారు. పిల్ల ఇద్దరిని గీరింది. అయినా దాన్నెవరూ పట్టించుకోలేదు. "ఇన్నాళ్లకు బయటికొచ్చినవా అన్నా" అని నన్నే చూశారు.

ఇంటికొచ్చి చూస్తే చీర అంచు కొరికేసి ఉంది. తిట్టబోయి ఆగాను. రేపు వెనక వాడకు పోవాలి, మళ్లీ అందులోనే చుట్టాలి.