మూడో గడి రంగు

ఎగుమతి షెడ్డు, తనిఖీ బల్ల.

పూజ్యులైన బావగారి సముఖమునకు,

మీరు పంపిన నలభై పెట్టెల బొప్పాయిలను తిప్పి పంపుతున్నందుకు విచారిస్తున్నాను. సముద్రం మీద పన్నెండు రోజులు ప్రయాణించవలసిన కాయను, రైతులందరికీ నేనిచ్చిన రంగుల అట్టలోని మూడో గడి రంగుకు రాగానే కోయవలెను. మీవి అయిదో గడికి వచ్చినవి. బంధుత్వం వేరు, తనిఖీ వేరు. ఇంకొక్కసారి తిరస్కరించవలసి వస్తే మీ తోట నంబరు ఎగుమతి జాబితానుండి తొలగింపబడును.

ఇట్లు,
మీ బావమరిది,
తనిఖీ అధికారి, పట్టభద్రుడు (రాత్రి కళాశాల).

తా.క. అట్ట పోగొట్టుకొని ఉంటే సిగ్గుపడక తెలపండి. నాదానికి ఫ్రేము కట్టించి, నా పట్టా పక్కనే, కిటికీకి ఎదురుగా అందరికీ కనిపించేటట్లు తగిలించాను.

*

బావమరిది పట్టభద్రుడికి దీవెనలు.

అట్ట భద్రంగా ఉందయ్యా. మీ అక్క దాన్ని పట్టుచీర మడతలో దాచింది. కోత రోజున గొడుగు నీడలో పట్టుకుని తనే చూపిస్తుంది. ఆకుపచ్చ కాయ, అడుగున ఒక్క పసుపు చార. అది మూడో గడి కాకపోతే నేను నీకు బావనే కాదు. తిరిగొచ్చినవి తినలేక చస్తున్నాం. గేదె కూడా నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది. రెండో విడత పంపుతున్నా. నాకున్నది ఈ ఒక్క తోటే, కాస్త కళ్ళు తెరిచి చూడు.

నీ బావ.

తా.క. ఏ క్లాసులో పాసయ్యావో అడగమంది మీ అక్క. పట్టా ఎప్పుడూ దూరం నుంచే చూపిస్తావట!

*

బావగారికి నమస్కరించి వ్రాయునది.

మళ్ళీ అయిదో గడే. మూడో గడిలో పసుపు చార ఉన్నదంటున్నారు. నా అట్టలోని మూడో గడిలో చార అన్నదే లేదు, అటువంటిది అయిదో గడిలోనే ఉన్నది. పచ్చకామెర్లవారికి లోకమంతా పచ్చగా కనిపించునని పెద్దలు ఊరకే అనలేదు. దయచేసి వైద్యునికి చూపించుకోండి. తొలగింపు కాగితం బల్ల మీదనే ఉన్నది, కలం మాత్రం కదలడం లేదు. మీ పెట్టెలను చల్లగదిలో ఆపి, శుక్రవారం ఓడ సరుకు కదిలేవరకు వేచి ఉంటాను.

ఇట్లు,
విధి నిర్వహణలో మీ బావమరిది.

తా.క. క్లాసు విషయం ప్రస్తుత వ్యవహారమునకు సంబంధించినది కాదు.

*

ఒరేయ్ అధికారీ,

వెళ్ళానురా డాక్టరు దగ్గరికి. కనురెప్పలు లాగి చూసి, "నిక్షేపంలా ఉన్నారు, రోజూ బొప్పాయి తినండి" అన్నాడు. ఎంత ఒళ్ళు మండిందో నీకేం తెలుసు? మా అట్టే ఈ కవర్లో పెట్టి లారీ డ్రైవరు చేతికిచ్చాను. నీ దాని పక్కన పెట్టి చూడు.

కళ్ళు బాగున్న నీ బావ.

తా.క. తమ్ముడూ, నేను అక్కని. అట్ట మళ్ళీ పంపించు. నీలాగా గోడకెక్కించకు.

*

బావగారి పాదాలకు, అక్కయ్య పాదాలకు,

రెండు అట్టలనూ పక్కపక్కన పెట్టాను. తరువాత కుర్చీలో కూర్చున్నాను. నా అట్టలోని పసుపును చాలవరకు రెండు వేసవుల కిటికీ ఎండ తాగివేసినది. ఆ అట్ట చూసి నేను పంపిన పచ్చి కాయలు రాళ్ళవలె వస్తున్నవని కొనుగోలుదారులు రాసిన మూడు ఫిర్యాదులకు, తప్పు ఓడవారిదేనని గంభీరమైన భాషలో జవాబులిచ్చి ఉన్నాను. నేడు క్షమాపణ కూడా అంతే గంభీరంగా రాశాను. తొలగింపు కాగితం చింపివేశాను. మీ పెట్టెలు ఈ శుక్రవారం అన్నిటికన్న ముందు ఓడ ఎక్కుతున్నవి.

ఇట్లు,
మీ బావమరిది.

తా.క. అట్టను గోడనుండి దించాను, పట్టాను దించలేదు. దాని మీద సిరాతో నింపిన "తృతీయ శ్రేణి" అన్నది ఇంకా కొద్దిగా కనిపిస్తున్నది. ఇంకొక్క వేసవి చాలునని నా అంచనా.