పన్నెండు యూనిట్లు

ప్రియమైన పిచ్చుకకు,

అమ్మ రాసేది. ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వకు. ఉన్నది ఒక్క గది, ఏం మాట్లాడినా మీ నాన్న చెవిన పడుతుంది. ఆయనకి ఊపిరి చాలదు గానీ చెవులకేం లోటు లేదు.

కరెంటు రేటు పెంచారని వీధంతా శాపనార్థాలు పెడుతుంటే, మన మీటరు మాత్రం నెలకి పన్నెండు యూనిట్లు తక్కువ తిరుగుతోంది. మూడో నెల ఇది. నేనేమీ ఆపలేదే. ఉన్నవి ఒక బల్బు, ఒక ఫ్యాను, మీ నాన్న ఆక్సిజన్ మిషను. అది క్షణం ఆగకూడదని డాక్టరు చెప్పాడాయె. బిల్లు పెరిగితే తిట్టుకుంటాం. తగ్గితే ఎవర్ని తిట్టాలి?

కరెంటు పోయినప్పుడు మిషను ఆగకుండా జనరేటరు, దానికి పెట్రోలు. ఇక్కడి ధర అగ్గిపుల్ల గియ్యకుండానే మండుతోంది. వంతెన అవతల వేరే రాష్ట్రం, అక్కడ చాలా తక్కువ. తాగేది ఒకే ఏటి నీళ్ళు, ధర మాత్రం వాళ్ళకొకటి, మనకొకటి. అందుకే వారానికి మూడు మధ్యాహ్నాలు డబ్బా పట్టుకుని నడిచి వెళ్తున్నాను. రానూపోనూ, వరసలో నిలబడ్డమూ కలిపి మూడు గంటలు.

తిరిగొచ్చేసరికి ఇల్లు ఊపిరి బిగబట్టినట్టుంటుంది. మన మూడో మెట్టు కిర్రుమంటుందా, వెంటనే లోపల ఏదో కీచుమంటుంది. ఆ తర్వాతే మిషను చప్పుడు. మిషను మీట చుట్టూ నల్లటి గుండ్రటి మచ్చలు. తుడిస్తే పోతాయి, మళ్ళీ వస్తాయి. పైవాటా దర్జీ అమ్మాయి, నువ్వు పెట్రోలుకి వెళ్ళాక మీ ఇంట్లో మనుషులున్నట్టే ఉండదు పిన్నీ అంది. మీ నాన్ననడిగితే నీ చెవుల్లో హోరంటారు.

గుండె గుప్పెట్లో పెట్టుకుని,
అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

దయ్యాలు కరెంటు పొదుపు చెయ్యవు. మిషను వెనక చిన్న గాజుబిళ్ళలో అంకెలుంటాయి. ఎన్ని గంటలు నడిచిందో అవి చెబుతాయి. మా లాండ్రీలో ప్రతి మిషనుకీ ఉంటాయి. ఈ ఆదివారం పొద్దున ఆ అంకె రాసిపెట్టు. పై ఆదివారం అదే వేళకి మళ్ళీ చూడు. నూటఅరవై ఎనిమిది పెరగాలి.

ఇంకోటి. ఆ మచ్చ పక్కన నాన్న చేతికర్ర కింది కొస ఆనించి చూడు. నాన్నకి చెప్పకు.

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకు,

నూటయాభై తొమ్మిదే పెరిగింది. కర్ర రబ్బరు మచ్చకి అతికినట్టు సరిపోయింది.

నిన్న డబ్బా తీసుకుని వెళ్తున్నానని చెప్పి, మూడో మెట్టు తొక్కకుండా నాలుగో దాని మీదే కూర్చున్నాను. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. లోపలికి వెళ్తే, గొట్టం ముక్కుకే ఉంది, కర్ర ఒళ్ళో ఉంది, కళ్ళు తలుపు మీదున్నాయి. పెదాలు సిరా తాగినట్టున్నాయి.

ముప్పై ఏళ్ళు బంకులో పెట్రోలు కొట్టిన మనిషి. కొట్టే ముందు, జీరో చూసుకోండి అనకుండా ఎవరికీ కొట్టలేదు. నన్ను మాత్రం పదమూడు వారాలు మోసం చేశారు. నేను మీట వేసి ఏడుస్తుంటే, ఊపిరి అందాక నవ్వారు.

"నువ్వు కాళ్ళీడ్చుకుంటూ వంతెన దాటి మిగిలిస్తున్నావు. నేను కూర్చున్నచోటే మిగిలిస్తున్నాను. మనిద్దర్లో తెలివైనవాళ్ళెవరే?"

కర్ర లాక్కుని అటక మీద పడేశాను. ఇక పెట్రోలు ఇక్కడే, ఎంతైనా సరే. వారానికి తొమ్మిది గంటలు, పదమూడు వారాలు. వేళ్ళు మడిచి మడిచి లెక్కేశాను. నూటపదిహేడు గంటలు, తల్లీ.

కాపలా కూర్చున్న
అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

నాన్న పోయి నెల దాటింది. మిషను అద్దెకిచ్చినవాళ్ళు నాకు ఫోను చేస్తున్నారు. అడిగితే రేపు రమ్మంటున్నావట, వస్తే తలుపు తియ్యట్లేదట. కరెంటు బిల్లు నా ఫోనుకి వచ్చింది. ఒక బల్బుకీ ఫ్యానుకీ అయ్యేదానికంటే పన్నెండు యూనిట్లు ఎక్కువ తిరిగింది. పైవాటా దర్జీ అమ్మాయి ఫోను చేసి, మధ్యాహ్నాలు మీ నాన్నగారి మిషను వినిపిస్తోందక్కా అంది.

ఇంట్లో ఏం నడుస్తోందమ్మా?

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకు,

కంగారుపడకు, కంగారంతా నా వంతు. నాకు మతి పోలేదు.

మీ నాన్న ఆ గంటలవల్ల పోలేదని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పాడు, నేను విన్నాను. అంతే.

సోమ, బుధ, శుక్రవారాలు, అప్పట్లో నేను వంతెన దాటే వేళకి, గొట్టం ఆయన దిండు మీద పెట్టి మీట వేస్తాను. మూడు గంటలు. ఎదురుగా కూర్చుంటాను, ఎక్కడికీ వెళ్ళను. గాలి తగిలి గలేబు కొంచెం కొంచెం కదులుతుంది.

నిన్న అలా కూర్చునుండగా బయట మూడో మెట్టు కిర్రుమంది. ఎవరూ పైకి రాలేదు. నేను లేవలేదు, మీట ఆపలేదు.

ఆయన ఆపేసిన నూటపదిహేడులో ముప్పైఆరు గంటలయ్యాయి, ఇంకా ఎనభై ఒకటి. అద్దెవాళ్ళని తొమ్మిది వారాలు ఆగమను. బిల్లు ఎంతైనా కడతాను. మీ నాన్న అందరికీ ముందు జీరో చూపించేవారు. నేను ఆయనకి చివర్న చూపిస్తాను.

ఇంట్లోనే ఉన్న
అమ్మ