వాసిలి ముక్కు సంగతి

చెల్లెమ్మ ఆగాఫియాకు, ఆనందం పట్టలేక అన్నయ్య రాస్తున్నాడు.

ఈ ఉత్తరం తెచ్చేది నీ కొడుకు వాసిలే. వాడి ముక్కు పగలగొట్టింది నా కూతురు ఒకలీనా. గుండెలు బాదుకోకు తల్లీ, ముందు మొత్తం చదువు!

నిన్న వాడు నన్ను విమానంలో కొండల అవతల సాల్మన్ చేపలు పట్టే మకాముకి తీసుకెళ్తానన్నాడు. నీళ్ల మీద తేలే ఆ విమానం కస్కోక్విమ్ నది ఒడ్డున కట్టేసి ఉంది. ఒకలీనా ఇంజను ఆయిల్ మార్చి, పాత ఫిల్టరు కోసి చూసింది. మడతల నిండా లోహపు పొడి మెరుస్తోంది.

"లోపల ఏదో అరిగిపోతోంది బావా, ఎగరొద్దు."

"చేపలు తోమిన చేతుల్తోనే కోశావుగా, పొలుసులై ఉంటాయిలే!" అని వాడు ఎక్కబోయాడు.

అది పడవ తెడ్డు తీసి వాడి మొహమ్మీద కొట్టింది. వాడు దాని రెండు పళ్లు రాలగొట్టాడు. అది రక్తం ఉమ్మేసి మళ్లీ కొట్టింది. అడ్డం వెళ్లి నేనూ దెబ్బలు తిన్నాను.

"కట్టేసి ఉండగానే నడిపి చూపిస్తా, చూడు!" అని వాడు ఇంజను వేశాడు. ఏడు నిమిషాలు బాగానే తిరిగింది. ఆ తర్వాత ఫిరంగి పేలినట్టయి, ఇంజను పొట్ట చీల్చుకుని ఇనప కడ్డీ బయటికొచ్చింది. మరిగే ఆయిల్ అద్దమంతా చిమ్మింది. ఆ వేళకి మేమిద్దరం కొండల మీద ఎగురుతూ ఉండాల్సినవాళ్లం, ఆగాఫియా! బతికున్నాం!

వాడు దిగొచ్చి, "ఇంకోటి కొట్టవే" అని మొహం చాపాడు. అది కొట్టింది కూడా!

ఫిల్టరులోని ఆ పొడి కాస్త ఇందులో మడిచి పెట్టాను. జన్మంతా చేపలు తోమినదానివి, పొలుసులో కాదో నువ్వే చూడు. చూశాక నీ మేనకోడల్ని తిట్టాలనిపిస్తే తిట్టు.

నీ అన్నయ్య