జువాకిం తవారెస్, ప్రముఖుడు, సెతూబల్

వాల్ ద జింబ్రో,
3 మే 1983

శ్రీమతి తవారెస్ గారికి,

వాల్ ద జింబ్రో ఊరి బ్యాండులో రెండో క్లారినెట్ వాయించే బెల్మీరో ఫాలె నమస్కరించి రాసుకుంటున్నది. మీ వారు కాలం చేశారని నిన్న పేపర్లో చూశాను. 'ప్రముఖ సంగీతకారుడు జువాకిం తవారెస్, సెతూబల్' అని నాలుగు పంక్తులు వేశారు. పేపరు మడిచి పెట్టి ఈ కాగితం తీశాను.

మీరు నన్ను ఎరగరు, ఆయన ఎరుగును. ఆయన బతికుండగా ఈ మాట చెప్పే దమ్ము నాకు లేకపోయింది. 1954 ఆగస్టులో మరియమ్మ తల్లి పండగకి పక్క ఊరి బ్యాండుతో మాకు పోటీ పడింది. ఒక్కరే వాయించాల్సిన సోలో మీ వారిది. అది నాకు రాలేదని నా ఏడుపు. ఆయన మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు ఆయన క్లారినెట్ మూతికి ఉండే రీడును, ఆ పల్చటి రెల్లు ముక్కను, నా బొటనవేలి గోటితో చీల్చాను. సోలో సగంలో అది పందిపిల్ల అరిచినట్టు కీచుమంది. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ఆయన మిగతా సగం వాయించకుండానే వేదిక దిగిపోయారు.

ఆ రోజు నుంచి ఆయన పేరు 'పందిపిల్ల'. మా ఊళ్ళో జువాకింలు పద్నాలుగు మంది, మారుపేరు లేకుండా ఎవరినీ పిలవరు, ఒకసారి పడిందంటే చచ్చేదాకా వదలదు. నెల తిరక్కుండా ఆయన ఊరొదిలి వెళ్ళిపోయారు. తన చేతకానితనం అనుకునే వెళ్ళారమ్మా. క్షమించాననో, పొమ్మనో ఒక్క మాట రాయండి. ఏదైనా పడతాను.

తలవంచుకుని,
బెల్మీరో ఫాలె

తా.క. మీ వీధి పేరు తెలియదు. మా ఊళ్ళో అయితే కవరు మీద 'పందిపిల్ల' అని రాస్తే చాలు, పోస్టుమన్ తెచ్చి చేతిలో పెడతాడు. మీ మర్యాద కోసం 'ప్రముఖుడు' అని రాశాను.

సెతూబల్,
11 మే

బెల్మీరో ఫాలె గారికి,

జువాకిం తవారెస్ బతికే ఉన్నాడు. ఈ ఉత్తరం రాస్తున్నది అతనే. ఈ ఇంట్లో భర్త పోయిన ఆవిడ ఎవరూ లేరు.

ఈ ఊళ్ళో నా పేరువాళ్ళు పదకొండు మంది. అందులో ప్రముఖులే ముగ్గురు: ఒక గోల్‌కీపర్, ఒక జడ్జి, ఒక సంగీతకారుడు. ఇక పేపర్లవాళ్ళు ఎవరి బదులు ఎవరిని చంపుతారో ఎవరు చెప్పగలరు? పోయిన ఏడు గోల్‌కీపర్ బంతి వదిలేస్తే జడ్జిగారి గోడ మీద తిట్లు రాసి పోయారు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంత వయసు వచ్చింది, నా ముందు తప్పు ఒప్పుకున్న మనిషి ఇంతవరకు ఒక్కడూ లేడు. నా కళ్ళు తడిశాయి. ఆ రోజు సంగతులు ఇంకాస్త వివరంగా రాయగలరా? అన్నీ నాకు గుర్తుకు రావడం లేదు.

మీ
జువాకిం తవారెస్

తా.క. అప్పట్లో నాకు మీసం ఉండేదా?

వాల్ ద జింబ్రో,
18 మే

ఒరేయ్ జువాకిం!

బతికే ఉన్నావుట్రా! నీ చావు చూసుకుని ధైర్యం తెచ్చుకుని రాసిన ఉత్తరం తిన్నగా నీ చేతిలోనే పడిందంటే, నా మొహం ఎక్కడ పెట్టుకోను? నేల విచ్చుకుంటే దూరిపోదామనిపించింది. మా ఆవిడ పాలుమీరా వంటింట్లోంచి, "సిగ్గుపడటం అయ్యాక రా, సూపు చల్లారిపోతోంది" అని కేకేసింది.

నన్ను 'గారు' అన్నావు, 'మీరు' అన్నావు. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే కాగితం చూసి వాయించినవాళ్ళం! చెంప ఛెళ్ళుమనిపించినా ఇంత బాధ ఉండేది కాదు. వివరాలు అడిగావంటే నా నోటితోనే కక్కించాలని కదూ? సరే, విను. 'పందిపిల్ల' అని గుంపులోంచి మొదట అరిచింది ఎవరనుకున్నావు? నేనే. రీడు చీల్చినవాణ్ణి అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

నువ్వు వెళ్ళాక ఆ సోలో నాకిచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒక్క పండక్కీ వాయించలేదురా. ఆ చోటికి వచ్చేసరికి పెదవులు వణుకుతాయి. పంటినొప్పి అని తప్పించుకుంటాను. ఆ అబద్ధం నిలబెట్టుకోవడానికి శుభ్రంగా ఉన్న దవడ పళ్ళు రెండు పీకించుకున్నాను.

తిట్టు. కానీ 'నువ్వు' అని తిట్టు.

నీ
బెల్మీరో

తా.క. మీసమా! నీకు జన్మలో మీసం మొలవదని బ్యాండు బ్యాండంతా పందెం కాశాం, అదీ మరిచిపోయావా? ఇప్పటికైనా మొలిచిందా?

సెతూబల్,
27 మే

బెల్మీరో,

'నువ్వు' అనమన్నావు కాబట్టి అంటున్నాను, ఇంకా నోరు తిరగడం లేదు. నిన్ను క్షమించాను. పూర్తిగా, మనస్ఫూర్తిగా. ఇంక పళ్ళు పీకించుకోకు. ఈ విషయం ఇద్దరం ఇక్కడితో మరిచిపోదాం, మళ్ళీ రాయనవసరం లేదు. ఎవరికీ చెప్పనవసరం అంతకన్నా లేదు.

నీ
జువాకిం

తా.క. మొలిచింది.

వాల్ ద జింబ్రో,
6 జూన్

జువాకిం, నా తండ్రీ,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. ఎవరికీ చెప్పొద్దన్నావు. అది నీ గొప్ప మనసు. నాకు మాత్రం సిగ్గనేది ఉండాలి కదా? శనివారం రిహార్సల్లో లేచి నిలబడి అంతా చెప్పేశాను. బ్యాండు మాస్టారు టోపీ తీసి నెత్తి పట్టుకుని కూర్చున్నారు. ట్రాంబోన్ వాయించే ఫిర్మీనో నా బూట్ల మీద ఉమ్మాడు, తరవాత కావలించుకుని ఏడ్చాడు.

"ఇన్నేళ్ళూ నవ్వింది మనమందరం కదా, ఒక్కడి చేత క్షమాపణ చెప్పిస్తే ఎలా?" అన్నారు మాస్టారు. అందుకని 19న, ఆదివారం, ముప్పై ఇద్దరం బస్సు మాట్లాడుకుని వస్తున్నాం. కవరు వెనక నీ చిరునామా ఉందిగా! నీ కిటికీ కింద ఆ పాటే వాయిస్తాం. సోలో దగ్గర అందరం ఆగుతాం. నువ్వు కిటికీలోంచి క్లారినెట్‌తో అందుకోవాలి. నేను వీధిలో మోకాళ్ళ మీద ఉంటాను.

నా రాక కోసం ఎదురు చూడు,
బెల్మీరో

తా.క. నిన్ను పందిపిల్ల అని పిలిచినవాళ్ళంతా వస్తామంటున్నారు. అంతమందికి బస్సు కాదు, రైలు కావాలి.

సెతూబల్,
12 జూన్

బెల్మీరో గారికి,

మళ్ళీ 'గారు' అంటున్నాను. అదే నాకున్న హక్కు. నేను మీ జువాకింని కాను.

చేపల వేలం హాల్లో గుమాస్తాని. క్లారినెట్ చేత్తో పట్టుకున్నవాణ్ణి కూడా కాదు. సరైన చిరునామా లేకుండా ఈ పేరుకి వచ్చే ఉత్తరాలన్నీ పోస్టుమన్ నా తలుపు కింద తోసేస్తాడు. నేను విప్పి చూసి, ఎవరివి వాళ్ళకి చేరుస్తాను. గోల్‌కీపర్‌కి ప్రేమలేఖలు, జడ్జిగారికి శాపనార్థాలు. నాకంటూ వచ్చేది కరెంటు బిల్లు. మీ ఉత్తరం విప్పాక మాత్రం దాన్ని వదలడానికి చేయి రాలేదు. ఎవరో నా పేరు రాసి, నా ముందు తలవంచుకున్నాడు కదా, ఒక్క పూట అది నాదే అనుకుందామనిపించింది. మొదటి ఉత్తరంలో నేను రాసిన ప్రతి ముక్కా నిజమే. రాయవలసింది రాయలేదు, అదే అబద్ధం. తరవాత 'క్షమించాను' అని కూడా రాసి పంపాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పేపరు నిజమే వేసింది. మీరూ మొదటి రోజే సరిగ్గా రాశారు. పోయింది మీ స్నేహితుడే. మధ్యలో ఆయన్ని బతికించి మీసం పెట్టింది నేను.

మీ బస్సు సంగతి చదివి, నిన్న మీ ఉత్తరాలు పట్టుకుని ఆయన భార్య ఇర్మెలిందా గారి దగ్గరికి వెళ్ళాను. బఠాణీలు ఒలుస్తున్నారు. అన్నీ చదివి, బఠాణీల గిన్నె పక్కకి జరిపారు. తరవాత అన్నారు:

"ఇరవై ఆరేళ్ళు కాపురం చేశానయ్యా. తనది ఎవోరా పట్నం అని చెప్పేవాడు. ఆయన పుట్టిన ఊరి పేరు నాకు చేపల గుమాస్తా చెప్పాలా? ఇంట్లో క్లారినెట్ ముట్టుకునేవాడు కాదు. ఎన్నో పాటలు రాశాడు, ఒక్కదాంట్లో క్లారినెట్‌కి సోలో పెట్టలేదు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు."

నేను లేచాను. వెళ్ళబోతుంటే పిలిచారు.

"బస్సు రానీ. కిటికీ కింద కాదు, సమాధి దగ్గరికి రమ్మను. ఆ రెండో క్లారినెట్ మనిషి సోలో మొదటి నుంచి చివరిదాకా వాయించాలి. పంటినొప్పి అంటే కుదరదు. మా ఆయన పాట నేను ఒక్కసారైనా వినాలి. క్షమించడం సంగతి విన్నాక చూద్దాం."

ఇట్లు,
జువాకిం తవారెస్, గుమాస్తా

తా.క. నేను మీకు రాసిన ఉత్తరాలు మరిచిపోకుండా తీసుకురండి. వాటిని ఇర్మెలిందా గారు సమాధి ముందు, ముప్పై ఇద్దరూ వింటుండగా నా చేత పైకి చదివిస్తారట. ముందు నేను చదవాలి, తరవాత మీరు వాయించాలి. ఆవిడ కుర్చీ తెచ్చుకుంటానన్నారు.