చెవి కోసిన మేకల విషయమై

ఆర్మూర్,
గురువారము.

ప్రాంతీయ పశువైద్యాధికారి గారి సముఖమునకు,
వాగొడ్డుపల్లి గ్రామ నివాసి సుంకరి గంగాదాస్, తండ్రి కీ.శే. పోచన్న, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి శివారులోని పరిశోధన కేంద్రము వారు మందు పరీక్షించి విడిచిపెట్టిన మేకలను వచ్చే ఆదివారము పోచమ్మ పండుగకు కోసి ఊరంతా తినబోవుచున్నందున, వాటిని తక్షణమే స్వాధీనపరచుకొనుట గురించి.

పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా, నేను ఆర్మూర్ మార్కెట్ యార్డు ముందర కూర్చుని పసుపు రైతులకు అర్జీలు రాసిపెట్టి బతికినవాడను. తూకంలో మోసమని ఒకరు, తేమ పేరు చెప్పి ధర కోసినారని ఒకరు, ఎవరి గోడు వారిది. ఇన్నేండ్లు ఇతరుల గోడే రాసితిని. నా గోడు రాసుకొనుట ఇదే మొదలు. తప్పులుంటే మన్నించవలెను.

1. సదరు కేంద్రము ప్రభుత్వ నిధులతో నడిచినది. పసుపు కొమ్ముల సారంతో నొప్పి తెలియనీయని మందు తయారుచేసి మేకలపై పరీక్షించినారు. జంతువులపై పరీక్షలు చేసే చోట వాటి మంచిచెడ్డలు చూడడానికి ఒక కమిటీ ఉండాలట, అందులో సైన్సు తెలియని బయటి మనిషి ఒకడు ఉండాలని నియమమట. సైన్సు తెలియకపోవుటలో ఊరిలో నన్ను మించినవాడు లేడని నన్ను వేసుకున్నారు. మీటింగుకు పోతే చాయ్, బిస్కెట్ ఇచ్చేవారు. నేను చాయ్ తాగి ఊరుకునే రకం కాదు. కొట్టంలో నీడ ఏది, తొట్టిలో ఆ పాచి ఏమిటి అని అడిగేవాడిని. మందు పరీక్షలు చూసే డాక్టర్ దివ్యశ్రీ అమ్మ అక్కడ ఉన్నన్నాళ్లు అడిగినవి జరిగేవి కూడా.

2. మందు పడిన మేకలకు గుర్తు ఉండాలని మేనేజర్ రంజిత్ గారు వాతలు పెడదామన్నారు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "మూగజీవిని కాలుస్తారా?" అని కోప్పడింది. చెవికి ప్లాస్టిక్ బిళ్ల కడితే కంచెకు తట్టుకుని చెవి చినుగుతుందని అదీ వద్దన్నది. చివరకు తిమ్మిరి సూది వేసి ఎడమ చెవి కొసన చిన్న ముక్క కత్తిరించినారు. ఒక్క మేకా అరవలేదు. అందరమూ మెచ్చుకున్నాము.

ఆమె పట్నం మనిషి, ఆమెకు తెలియదు. తెలిసిన మాకేమి రోగం? మా దిక్కున చెవి కోసిన మేక అంటే పోచమ్మకు మొక్కి విడిచిన మేక. దానిని ఎవరూ కట్టేయరు, అమ్మరు, మక్కచేన్లో పడి మేసినా కర్ర ఎత్తరు. అమ్మవారి ముందర తప్ప ఎక్కడా కోయరు. కోసిన నాడు ఇంటింటికీ ముక్క పోవలసిందే. ఆ గదిలో కూర్చున్న ఊరివాళ్లం ఒక్కరమూ ఈ సంగతి తలచుకోలేదు.

3. నిధులు ఆగినవి. డాక్టరమ్మ వేరే చోటికి వెళ్లిపోయినది. మందు పడిన జంతువు మాంసానికి పోరాదు, బతికినన్నాళ్లు సాకవలెను, సాకలేనప్పుడు బాధ తెలియకుండా డాక్టరు చేతుల మీదుగా ప్రాణం తీయవలెను. ఈ నియమం ఆఖరు మీటింగులో నేనే పైకి చదివినాను. రంజిత్ గారు "పునరావాసం" అని రాసుకుని గేటు తీసినారు. మందు పడని, చెవులు బాగున్న మేకలు అంగడికి పోయినవి. మందు పడినవి మా ఊళ్లోకి వచ్చినవి. ఊరివారు ఆ చెవులు చూసి, "తల్లే తోలిచ్చింది" అని పసుపు రాసి బొట్టు పెట్టినారు.

నేను కేంద్రానికి పోయి "గిదేం పునరావాసం సార్?" అని నిలదీసినాను.

"గేటు తీసినం, స్వేచ్ఛ ఇచ్చినం పెద్దమనిషీ. ఏ జంతువుకూ నొప్పి కాలేదని రిపోర్టుల ఉన్నది. ఇంకేం గావాలె నీకు?" అన్నారు.

4. అయ్యా, రిపోర్టులోని ఆ మాట నిజం. నా భయమంతా అదే. వాటికి నొప్పి లేదు. పరీక్షలు ఆగి ఇన్నాళ్లయినా లేదు. ఒక మేక మా వాకిట్లో ఉంటున్నది. అది మొన్న ముళ్లకంచెలో కాలు పెట్టి గుంజుకున్నది. ఎముక కనబడే దాకా తోలు ఊడింది. అట్లనే నడిచొచ్చి కుడితి తాగింది. నా భార్య భూమవ్వ పాతచీర చింపి కట్టు కట్టింది.

"నొప్పైతే అరవాలె గదనయ్యా. ఇది అరుస్తలేదు. దీన్ని చూస్తే నాకు భయమైతుంది" అని ఏడ్చింది.

ఇంకొకటి ఎవరిదో పొయ్యి పక్కన పడుకుని, కాలిన వాసన వీధిలోకి వచ్చేదాకా లేవలేదు. చచ్చిన ఒక మేకను పైపైన పూడ్చినారు, కుక్కలు తోడి తిన్నవి. వాటిలో ఒక కుక్క తన ముందరికాలిని తానే నములుతూ కూర్చున్నది. తోక ఊపుతున్నది. నేను కళ్లారా చూసినాను.

5. మా గ్రామాభివృద్ధి కమిటీకి పోయి ఇదంతా చెప్పినాను. మా దిక్కు ఊళ్లలో కమిటీ మాట దాటితే వెలివేతేనని తమకు తెలియనిది కాదు. పెద్దమనిషి నర్సింలు నామీద లేచినాడు.

"అమ్మవారి మేకలను ఆపుతవా గంగాదాసూ? రేపు ఊరికేమన్న అయితే నువ్వు జిమ్మేదారా?"

"తిన్నంక ఊరికేమన్న అయితే నువ్వు జిమ్మేదారా?" అన్నాను నేను.

ఉడికిస్తే అన్నీ పోతాయని ఎవరో అన్నారు. అందరి ముందరే డాక్టరమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టినాను. "ఉడికించినా ఆ మందు పోదు పెదనాన్నా. దండం పెడతాను, ఎవరినీ తిననివ్వకండి. వెంటనే పశువైద్యాధికారికి రాసివ్వండి" అన్నది. ఆ పిల్ల గొంతులో భయం అందరికీ వినబడింది. అయినా నర్సింలు, "పట్నపోళ్లకు పోచమ్మ సంగతేమెరుక?" అని లేచిపోయినాడు. ఆ సాయంత్రం నుండి నాతో మాట్లాడరాదని ఊళ్లో చాటింపు. హోటల్లో చాయ్ పోయరు, మంగలి గడ్డం గీయడు. అందువలననే ఈ అవతారంలో తమ ఎదుటికి వచ్చినాను.

6. నా బిడ్డ త్రివేణిని ఊళ్లోనే ఇచ్చినాము. ఇద్దరు చిన్నపిల్లలు. ఆదివారం నాడు తినకండని చాటుగా పోయి బతిమాలినాను.

"ఊరంత తినంగ మేం తినమంటె మమ్ముల గూడ వెలేస్తరు నాయినా. పోరగాండ్లకు ఏమన్నయితే ఏడుస్తరు గద, గప్పుడు దవాఖానకు తీస్కపోత" అన్నది.

"ఏడ్వరు బిడ్డా" అన్నాను. ఆమె నా ముఖం చూసి తలుపు వేసుకున్నది. అయ్యా, చేయి కాలినా పిల్ల ఏడవకపోతే తల్లికి ఎట్లా తెలియాలి? ఇది ఆలోచించి ఆలోచించి నాకు పిచ్చి పట్టేటట్టున్నది.

కావున తమరు పోలీసు వారిని వెంటబెట్టుకుని వచ్చి సదరు మేకలను స్వాధీనపరచుకొనవలెనని, వాటిలో బాగుపడనివాటికి నియమం ప్రకారం తమ చేతులతోనే విముక్తి కలిగించి, కుక్కలు తోడలేనంత లోతున సున్నం పోసి పూడ్పించవలెనని ప్రార్థన. మా ఊరివారు తిట్టినా పట్టించుకొనవద్దు. వారు చెడ్డవారు కారు. వాకిట్లోని మేకను భూమవ్వకు చెప్పకుండా తీసుకుపోతే మేలు. ఆమె దానికి పేరు పెట్టుకున్నది.

ఆదివారం పొద్దు పొడవక ముందే ఈ అర్జీని చిత్తగించవలెను. తరువాత చిత్తగించినా ఒకటే, చించివేసినా ఒకటే.

ఇట్లు,
తమ విధేయుడు,
సుంకరి గంగాదాస్

తా.క. తమరు లేరంటే తమ ఆఫీసు వరండాలోనే కూర్చున్నాను. ఎక్కడికి పోయినారని అటెండర్ గంగాధర్‌ను అడిగితే, "సారు మీ ఊరికే పోయిండు తాతా. ఆదివారం సార్‌కు తీరదట. గందుకే మీ కమిటోళ్లు ఇయ్యాల్నే ఒక మేకను కోసి దావత్‌కు పిల్సిండ్రు" అన్నాడు.

ఇప్పుడే తమ జీపు వచ్చింది. తమరు ఫోన్లో నవ్వుకుంటూ నా ముందర నుండే లోపలికి పోయినారు. "సార్, సార్" అని వెంటబడినాను. తలుపు పడింది. "సార్ మీటింగుల ఉన్నడు, మనిషి పోవద్దు, కాయితమైతే ఇస్త" అంటున్నాడు గంగాధర్. అందుకే నిలబడి ఇది రాస్తున్నాను. జీపు దగ్గర నుండి తమ గుమ్మం దాకా బండల మీద నెత్తుటి అడుగులున్నవి. అన్నీ ఎడమకాలివే. పోచమ్మ కాడ చెప్పులు విడిచినప్పుడు ఏం దిగిందో ఏమో.

సార్, అర్జీ తర్వాత సదువుండ్రి. ముందుగాల చెప్పు విడిచి మీ కాలు చూస్కోండ్రి.